‘ఎగదన్నడం’: నీటికేనా, పొగకూ కడుపుకూ దుఃఖానికీ కూడానా?

శబరి ఒడ్డు (ప్రశ్న):

హైదరాబాదులో ప్రూఫులు దిద్దే పని నాది. పుట్టి పెరిగింది కూనవరంలో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట. పోయిన వారం వరదల మీద ఒక వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. ‘గోదావరి ఎగదన్నడంతో శబరి ఊళ్ల మీదికి వచ్చింది’ అని అందులో ఒక వాక్యం. మా సంపాదకుడు ‘ఎగదన్నడం’ కింద ఎర్రగీత గీసి, పక్కన ‘ఇది నోటి మాట, అచ్చుకు పనికిరాదు. వెనుక జలాలు అని మార్చండి’ అని రాశారు. మార్చడానికి నాకు చేయి రావడం లేదు.

ఎందుకు రావడం లేదో చెప్పాలంటే మా రేవు గురించి చెప్పాలి. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. శ్రావణ మాసం. అమ్మ రేవులో బట్టలు ఉతుకుతుంటే నేను పై మెట్టు మీద కూర్చుని నీళ్లను చూస్తున్నాను. ఎండు తాటాకు ఒకటి గోదావరి వైపు కొట్టుకుపోతోంది. పోతూ పోతూ ఆగింది. ఉన్నచోటే ఒకసారి చుట్టూ తిరిగింది. తర్వాత మెల్లగా, వచ్చిన దారినే, చింతూరు వైపు బయలుదేరింది. ఆ రోజు శబరి తేటగా ఉంది. తాటాకు వెనకాలే ఆ తేటనీటిలోకి ఎర్రనీరు చారలు చారలుగా పాకుతూ వచ్చింది. అమ్మ తలెత్తి చూసి, ఉతకని బట్టలు ఉతికిన బట్టలతోనే మూట కట్టేసి, ‘ఎగదన్నింది, లే’ అంది. సాయంత్రానికి నేను కూర్చున్న మెట్టు నీళ్ల కింద ఉంది.

అంత పని చేసిన మాటను ‘వెనుక జలాలు’ అని ఎలా మార్చను? ‘వెనుక జలాలు’ అన్నప్పుడు నాకు నీళ్లు కనిపిస్తాయి కానీ అవి కదలవు.

అయితే ఈ మాటకు మా ఇంట్లో ఒక్క అర్థం కాదు. పొయ్యిలో పొగ వంటింట్లోకి తిరిగి వచ్చినా ఎగదన్నడమే. రాత్రి పూట నాన్నకు పులుపు గొంతులోకి వచ్చినా ఎగదన్నడమే. తాతయ్య పోయినప్పుడు నానమ్మ పది రోజులూ కన్నీటి చుక్క రాల్చలేదు. పదకొండో రోజు తలుపు మూల ఆయన చేతికర్ర కనిపించింది. ‘అప్పుడు ఎగదన్నుకొచ్చిందమ్మా’ అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నాకు తెలుసుకోవాలని ఉన్నది రెండు సంగతులు. మీ వైపు ఈ మాటను దేనికి వాడతారు? రెండోది, ఇందులోని ‘దన్ను’ ఏది? కాలితో తన్నే ‘తన్నా’, ‘వెన్నుదన్ను’లో ఉన్న ‘దన్నా’? దిగువ నుంచి పెద్ద నది దన్నుగా నిలబడితే చిన్న నది వెనక్కి తిరుగుతుంది కదా, అందుకే రెండోదేమోనని నా అనుమానం.

లాకుల వీధి:

అమ్మా, నేను గోదావరి డెల్టాలో కాలువల మీద ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైనవాడిని. మీ తాటాకు కథ చదివి రెండుసార్లు లేచి తిరిగి వచ్చి కూర్చున్నాను. ఆగింది, తిరిగింది, వెనక్కి బయలుదేరింది అన్నారే, అది మూడు వేరు వేరు దశలు. మీరు మూడూ చూశారు.

నీరు పల్లమెరుగు అంటాం. ఎగదన్నినప్పుడు కూడా నీరు ఆ నియమం తప్పదు. పల్లమే చోటు మారుతుంది. మామూలు రోజుల్లో కూనవరం దగ్గర గోదావరి మట్టం శబరి మట్టం కంటే కిందన ఉంటుంది కనుక శబరి దిగిపోతుంది. పైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగి గోదావరి లేచిందనుకోండి. మీ ఊరికి దిగువన పాపికొండల మధ్య నది సన్నబడుతుంది. అంత నీరూ ఆ ఇరుకులోంచి ఒక్కసారి పోలేదు, వెనక మట్టం పెరుగుతుంది. ముందు శబరి నడక మందగిస్తుంది. తర్వాత నిలబడుతుంది. గోదావరి మట్టం ఇంకా పెరిగితే, శబరిలో పైనుంచి వచ్చే నీరు తక్కువగా ఉంటే, అప్పుడు గోదావరి నీరే శబరిలోకి ఎదురు నడుస్తుంది. మా లెక్కలో అసలైన ఎగదన్నడం ఈ చివరిదే. కానీ ఊళ్లలో మూడింటినీ ఆ మాటతోనే పిలుస్తారు, తప్పు లేదు. ఇంట్లోకి నీళ్లు రావడానికి శబరి వెనక్కి తిరగక్కర లేదు, ఆగితే చాలు. పైనుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది కదా.

ఈ తన్ను అక్కడితో ఆగదు. గోదావరి శబరిని ఎగదన్నుతుంది, శబరి చింతూరు దగ్గర సోకిలేరును, చంద్రవంకను ఎగదన్నుతుంది. వాగు పక్కన చేను ఉన్న మనిషికి వాన చుక్క లేకుండా వరద వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3. అలాంటప్పుడు ఆ వాగుల వెంట ఉన్నవాళ్లు ఆకాశం చూసి లాభం లేదు, గోదావరి మట్టం ఎంతుందో కనుక్కోవాలి.

మా డెల్టాలో ఎగదన్నేది సముద్రం. మేము ‘పోటు’ అంటాం. పోటు పన్నెండు గంటల పైచిలుకుకు ఒకసారి వస్తుంది, అమావాస్యకూ పౌర్ణమికీ పెద్దది వస్తుంది. మురుగు కాలువలు సముద్రంలో కలిసే మొగల దగ్గర తలుపులు కడతారు. లోపలి నీరు నెడితే తెరుచుకుంటాయి, బయటి నీరు నెడితే మూసుకుంటాయి. చెప్పడానికి తేలిక. తలుపు సందులో గుర్రపుడెక్క మూట ఒకటి ఇరుక్కుందంటే అది పూర్తిగా మూసుకోదు, రాత్రికి రాత్రి ఉప్పునీరు ఎగదన్ని వరిచేలలోకి పోతుంది. ఆ తర్వాత చేను కోలుకోవడానికి మంచినీళ్లతో ఎన్నిసార్లు కడగాలో రైతును అడగండి. నేను రాత్రిపూట టార్చి పట్టుకుని తలుపు లోపలి వైపు దిగి, వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడిని. చప్పగా ఉంటే వెళ్లి పడుకునేవాడిని. ఉప్పగా తగిలితే మనుషులను లేపేవాడిని.

కొల్లేరు వాళ్లకు ఉప్పుటేరు మీద ఇదే కథ. సరస్సు నీరు సముద్రంలోకి పోయే దారీ అదే, సముద్రం సరస్సులోకి వచ్చే దారీ అదే. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు కూడా ఇదే జరిగింది. బుడమేరు మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. అంత ఎత్తున ఉన్న నదిలోకి ఏ కాలువ పోగలదు?

మాట విషయానికి వస్తే మా దగ్గర ‘ఎగపోటు’ అని కూడా అంటారు, మీ వైపు వార్తల్లోనూ అదే చదివాను. వ్యాకరణం నాకు రాదు, తెలిసినవారు చెబుతారు. మీ సంపాదకుడికి మాత్రం నా తరఫున ఒక మాట: ముప్పయ్యేళ్లు నేను రాసిన రాత్రి రిపోర్టుల్లో ‘ఉప్పునీరు ఎగదన్నినది’ అనే రాశాను. పై అధికారులెవరూ కొట్టివేయలేదు.

ఊదుగొట్టం:

నీళ్ల సంగతి నాకు తెలియదు, మాది మెట్ట ప్రాంతం. పొగ సంగతి తెలుసు.

మా అమ్మమ్మ ఇంట్లో పొయ్యి మీద పొగగొట్టం ఉండేది. వానాకాలం పొద్దున్నే పొయ్యి ముట్టిస్తే పొగ పైకి పోకుండా ఎగదన్నేది. రాత్రంతా చల్లబడిన గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటుంది, పచ్చి కట్టెల పొగకు దాన్ని నెట్టే వేడి ఉండదు. అమ్మమ్మ ముందు ఒక ఎండు కొబ్బరాకు వెలిగించి గొట్టం నోటి దగ్గర కాసేపు పట్టుకునేది. గొట్టం వేడెక్కి ‘హుఁ’ మని గాలి లాగుతున్న చప్పుడు వినిపించాకే పొయ్యిలో నిప్పు వేసేది. తూర్పు గాలి బలంగా ఉన్న రోజు అదీ పనిచేసేది కాదు. ఇల్లంతా పొగ, అందరం వీధి అరుగు మీద.

ఇంకొకటి. ఊదుగొట్టంతో ఊదేటప్పుడు పిల్లలు చేసే తప్పు, గొట్టం నోటి దగ్గరే ఉంచుకుని ఊపిరి పీల్చడం. వేడి బూడిద నేరుగా గొంతులోకి వస్తుంది. ‘ఊదు, మొహం తిప్పు, పీల్చు’ అని అమ్మమ్మ నా గడ్డం పట్టుకుని పక్కకు తిప్పి నేర్పింది. ఒకసారి మరిచిపోయాను. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు కూడా ఆమె అన్న మాట ‘ఎగదన్నిందా?’ అనే.

మా ఇంట్లో దీనికి తోడు ‘ఎగదోయడం’ కూడా ఉండేది. కాలిన కట్టెను పొయ్యిలోకి ముందుకు నెట్టడం, దీపం వత్తిని పైకి తోయడం. తగవును పెద్దది చేసేవాళ్లను కూడా ‘వీడు ఎగదోస్తున్నాడు’ అనేవారు. కనుక దన్ను కూడా తోయడం లాంటి పనే అని నేను అనుకుంటున్నాను.

అరసున్న:

ఊదుగొట్టం గారు తెలియకుండానే జవాబు చెప్పేశారు. ‘ఎగదోయు’లో ఉన్నది ‘తోయు’ అయినప్పుడు ‘ఎగదన్ను’లో ఉన్నది ‘తన్ను’ అవుతుంది.

‘ఎగ’ అంటే పైకి, ఎగువకు. పాత తెలుగులో దాని చివర ఒక నకారం ఉంది. ఆ నకారం తర్వాత క, చ, ట, త, ప వస్తే గ, జ, డ, ద, బ అవుతాయి. చిమ్ము ‘ఎగఁజిమ్ము’ అయింది, తోయు ‘ఎగఁదోయు’, పడు ‘ఎగఁబడు’, పాకు ‘ఎగఁబాకు’. అదే దారిలో తన్ను ‘ఎగఁదన్ను’. మధ్యలో అరసున్న రాసేవారు, ఇప్పుడు వదిలేశాం. నోట మాత్రం ‘ద’ అలాగే మిగిలింది. రాయడం రాని మీ అమ్మమ్మలు కూడా ‘ఎగతన్నింది’ అనరు చూడండి. నకారం ఎప్పుడో పోయింది, అది చేసిన పని పోలేదు.

‘వెన్నుదన్ను’లోని దన్ను నామవాచకం. దన్నుగా నిలిచాడు అంటాం, ‘దన్నాడు’ అనం. ఎగదన్నింది, ఎగదన్నుతుంది, ఎగదన్నుకొచ్చింది అని ఇన్ని రూపాలు వస్తున్నాయంటే అది క్రియే. శబరి ఒడ్డు గారి అనుమానం అందంగా ఉంది కానీ నిలవదు.

లాకుల వీధి గారు చెప్పిన ‘పోటు’ ఇంకా ముచ్చటైన మాట. పడు నుంచి ‘పాటు’, చెడు నుంచి ‘చేటు’ వచ్చినట్టు పొడుచు నుంచి ‘పోటు’. పొడవడం అంటే గుచ్చడమే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడిచింది అంటాం. సముద్రం పైకి వస్తే పోటు, కిందికి పడితే పాటు. అదే పోటు కత్తిపోటులో ఉంది, గుండెపోటులో ఉంది, తలపోటులో ఉంది, జనం పోటెత్తడంలో ఉంది. రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవనేల అన్నప్పుడూ అదే. ‘ఎగపోటు’ నియమం ప్రకారం ‘ఎగబోటు’ కావాలి, కాలేదు. నకారం మరుగున పడిపోయాక కట్టుకున్న మాట కాబోలు అనిపిస్తుంది నాకు. అంతమాత్రాన తప్పు మాట కాదు.

శబరి ఒడ్డు:

అరసున్న గారూ, సరే, తన్నే. వ్యాకరణం ఒప్పుకుంటున్నాను. అయినా ఒక చిక్కు మిగిలింది. తన్నేది ఎవరు? మా ఊళ్లో ‘గోదావరి శబరిని ఎగదన్నింది’ అని ఎంత అంటారో, ‘శబరి ఎగదన్నింది’ అని కూడా అంతే అంటారు. మొదటి దానిలో శబరి తన్ను తిన్నది. రెండో దానిలో శబరే మన మీదికి తన్నుకుంటూ వచ్చింది. అమ్మ రేవులో ‘ఎగదన్నింది’ అన్నప్పుడు ఏ నది అని చెప్పలేదు. నేను అడగనూ లేదు.

అరసున్న:

తెలుగులో అలా రెండు వైపులా నడిచే క్రియలు ఉన్నాయి. ఆమె రెండూ ఉద్దేశించి ఉండవచ్చు. మూట కట్టుకునే మనిషికి ఏ నది అన్న తేడా లేదు.

రాత్రి డ్యూటీ:

నేను నర్సును. ఈ మాట ఆసుపత్రిలో ఎంత పని చేస్తుందో, ఒక్కోసారి ఎంత గందరగోళం చేస్తుందో చెప్పాలని రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట, నేను అప్పుడు పనిచేసిన ఒక ఆసుపత్రికి అర్ధరాత్రి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఛాతీ మీద చేయి పెట్టుకుని ‘ఎగదన్నుతోంది, ఎగదన్నుతోంది’ అంటున్నారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, చదువంతా వేరే రాష్ట్రంలో. ఎగశ్వాస అనుకున్నారు. ఆక్సిజన్ పెట్టించి, ఊపిరితిత్తులకు సంబంధించిన ప్రశ్నలే అడుగుతున్నారు. పెద్దాయన కోపంతో మాస్కు లాగేస్తున్నారు. నేను పక్కన కూర్చుని అడిగాను: ‘తాతా, పైకి వచ్చేది గాలా, నీళ్లా?’ ఆయన ఆగి ఆలోచించి ‘నీళ్లు, పుల్లగా’ అన్నారు. పడుకుంటే ఎక్కువవుతోందా అంటే అవునన్నారు. రాత్రి ఎప్పుడు తిన్నారంటే పదిన్నరకు, తినగానే పడుకున్నారట. డాక్టరు గుండె పరీక్ష కూడా చేయించారు, అది చేయించాల్సిందే. ఆ వయసులో ఛాతీ మంటను తేలిగ్గా తీసుకోకూడదు. అది సరిగ్గా ఉందని తేలాక తలవైపు మంచం ఎత్తి, మందు ఇస్తే తెల్లవారేసరికి నిద్రపోయారు.

కడుపుకూ అన్నవాహికకూ మధ్య బిగుతుగా ముడుచుకునే కండరం ఒకటి ఉంటుంది. లాకుల వీధి గారి తలుపు లాంటిదే, కిందికి తెరుచుకోవాలి, పైకి రానివ్వకూడదు. వదులైతే పులుపు ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీటి తలుపు గురించి చదివినప్పుడు నాకు వెంటనే ఆ పెద్దాయనే గుర్తుకొచ్చారు.

అప్పటి నుంచి ఎవరు ఈ మాట అన్నా నేను ‘ఏది?’ అని అడుగుతాను. పులుపా, వాంతా, దగ్గా, ఊపిరా? ఒకసారి ఒక ఆమె ఏదీ కాదన్నట్టు తల ఊపింది. భర్త పోయి నెల అయిందట. ఆమెకు మందు రాయలేదు. ఆ రాత్రి చాలాసేపు ఆమె దగ్గర కూర్చున్నాను.

ఊదుగొట్టం:

రాత్రి డ్యూటీ గారూ, మీరు ఉన్న వార్డులో ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

శబరి ఒడ్డు:

అందరి జవాబులూ రాత్రి అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. 2022 వరద తర్వాత అమ్మ భద్రాచలంలో అక్క దగ్గర ఉంటోంది. పొగ గురించి విని ‘అవును’ అంది, పెద్దాయన గురించి విని ‘మీ నాన్నకూ అంతే’ అంది. నేను ఉండబట్టలేక అడిగాను, అమ్మా, మరి వెనుక జలాలు అంటే తప్పేమిటి, బ్యాక్ వాటర్ అని మనవాళ్లు కూడా అంటున్నారు కదా అని.

అమ్మ వెంటనే చెప్పింది. ‘అది వేరు. ఎగదన్నిన నీళ్లు మళ్లీ పోతాయి. నాలుగు రోజులకో, పది రోజులకో పోతాయి. పోయాక బురద ఎత్తి పోసుకుని, ఇల్లు కడుక్కుని, సున్నం వేసుకుంటాం. బ్యాక్ వాటర్ అంటే వచ్చి ఉండిపోయేవి. వాటికి కడుక్కునే పని ఉండదు.’

మా మండలాల గురించి తెలియనివారికి రెండు ముక్కలు. మా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, తొలి దశ పునరావాసానికి తీసుకున్న గీత 41.15 మీటర్లు. ఆ అంకెలు మా వైపు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఎవరి ఇల్లు ఏ గీతకు లోపల ఉందన్న దాని మీదే పెళ్లి మాటలు, అప్పులు, ఇంటి మరమ్మతులు అన్నీ ఆగి ఉన్నాయి. బ్యాక్ వాటర్ అనే మాట మాకు ఆ కాగితాలతో పాటు వచ్చింది. ఎగదన్నడం నదితో వచ్చింది. ఒకే నీటికి రెండు పేర్లు అనుకుని నేను ఇన్నాళ్లూ ఉన్నాను.

ఈ రోజు పొద్దున వ్యాసం మళ్లీ మొదటి నుంచి చదివాను. వరద గురించి చెప్పిన వాక్యంలో ‘ఎగదన్నడం’ అలాగే ఉంచాను. కింద జలాశయం గురించి ఉన్న పేరాలో మాత్రం ‘వెనుక జలాలు’ అని పెట్టాను. ఎర్రగీత పక్కన ఖాళీ తక్కువగా ఉంది, సన్నగా రాస్తే అమ్మ చెప్పిన మొదటి రెండు వాక్యాలు పట్టాయి: ‘అది వేరు. ఎగదన్నిన నీళ్లు మళ్లీ పోతాయి.’ మిగతాది కాగితం వెనక రాసి, ప్రూఫును సంపాదకుడి బల్ల మీద పెట్టి వచ్చాను.